ఆరా? ఎనిమిదా? – స్పోర్ట్స్ కారు ఇంజనులో సిలిండర్ల లెక్క
(తృతీయ బి.యస్సి. విద్యార్థి)

సంతలో ఎద్దును బేరమాడే రైతు ముందుగా దాని నోరు తెరిచి పళ్లు లెక్కపెడతాడు. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, ఆరు పళ్లదా, లేక ఎనిమిదీ వచ్చేశాయా అని చూస్తాడు. పళ్లు వయసు చెబుతాయి. కాని ఆ ఎద్దు అరక ఎలా లాగుతుందో, మిట్టమధ్యాహ్నం ఎండలో ఎంతసేపు నిలుస్తుందో పళ్లు చెప్పవు. అందుకే తెలిసిన రైతు పళ్లు చూసిన తరువాత దాన్ని నాలుగు అడుగులు నడిపించి కూడా చూస్తాడు.

కార్ల విషయంలో మన కుర్రకారు మాత్రం పళ్ల దగ్గరే ఆగిపోతున్నారు. "వి-ఎయిట్" అనగానే కళ్లు పెద్దవి చేస్తారు. "ఆరు సిలిండర్లేనా?" అని పెదవి విరుస్తారు. ఎనిమిది ఆరుకంటె పెద్దది కాబట్టి ఎనిమిదే మేలు అన్నది అంకగణితం. ఇంజనుకు వర్తించేది యంత్రశాస్త్రం. ఈ రెంటికీ ఉన్న తేడా ఏమిటో మన తరగతిలో చదువుకున్న భౌతికశాస్త్రంతోనే చూపించవచ్చునని ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ఉదాహరణకు ఒకే కారును తీసుకుంటున్నాను. అది జర్మనీలోని మ్యూనిక్ కేంద్రంగా ఉన్న బి.ఎం.డబ్ల్యు. వారి ఎం-3. దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, ఈ కారు 2000లో వచ్చిన తరంలో ఆరు సిలిండర్లతో ఉంది. 2007లో ఎనిమిదికి వెళ్లింది. 2014లో మళ్లీ ఆరుకు తిరిగి వచ్చింది. ఒకే సంస్థ, ఒకే రకం కారు, మూడు నిర్ణయాలు. మూడూ ఆయా పరిస్థితులకు సరైన నిర్ణయాలే. ఎలాగో చూద్దాం.

1. తోపుకూ తోపుకూ మధ్య ఎడం

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక సిలిండరు రెండు పూర్తి చుట్లకు, అనగా 720 డిగ్రీలకు, ఒక్కసారే బలంగా తోస్తుంది. మిగతా మూడు స్ట్రోకులూ గాలి పీల్చడానికి, నొక్కడానికి, పొగ వదలడానికే సరిపోతాయి. పొలాల్లో బావి మీద పెట్టే ఒంటి సిలిండరు ఆయిలింజను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. "టక్... టక్... టక్" మని ఒక తోపు, ఆ తరువాత ఖాళీ. ఆ ఖాళీలో ఇంజను ఆగిపోకుండా లాక్కుపోయేది పక్కనున్న బరువైన ఫ్లైవీలు.

సిలిండర్లు పెరిగేకొద్దీ ఈ ఎడం తగ్గుతుంది. మూడు సిలిండర్ల ట్రాక్టరులో 240 డిగ్రీలకు ఒక తోపు. ఆరింటిలో 120 డిగ్రీలకు ఒకటి. ఎనిమిదింటిలో 90 డిగ్రీలకే ఒకటి. ఒక్కొక్క తోపు దాదాపు 130, 140 డిగ్రీల వరకు పనిచేస్తుంది, తరువాత ఎగ్జాస్టు వాల్వు తెరుచుకుంటుంది. కాబట్టి ఆరు సిలిండర్లలో ఒక తోపు ముగిసేలోపే మరొకటి అందుకుంటుంది. ఎనిమిదిలో ఒకదానిమీద మరొకటి బాగా కప్పుకుంటాయి. ఈ లెక్కలో ఎనిమిదిదే పైచేయి. కాని ఆరుకు చేరేసరికే ఖాళీ అనేది లేకుండా పోయిందని గమనించాలి. మూడు నుంచి ఆరుకు వెళ్తే కలిగే లాభం, ఆరు నుంచి ఎనిమిదికి వెళ్తే కలగదు.

2. కుదుపు లెక్క

పిస్టను పైకీ కిందికీ పోతూ ప్రతి చివరా ఆగి వెనుదిరుగుతుంది. దాని త్వరణంలో రెండు ముఖ్య భాగాలుంటాయి. ఒకటి కొసైన్ తీటాను బట్టి, రెండవది కొసైన్ రెండు తీటాను బట్టి మారుతుంది. రెండవది ఎక్కడినుంచి వచ్చిందంటే, కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా ఊగడం వల్ల పిస్టను పైసగంలో కాస్త వేగంగాను, కిందిసగంలో కాస్త నెమ్మదిగాను నడవడం వల్ల.

ఒకే వరుసలో ఉన్న ఆరు సిలిండర్లలో క్రాంకు పిన్నులు 0, 120, 240 డిగ్రీల దగ్గర జంటలుగా ఉంటాయి. ఈ మూడు కోణాల కొసైన్లు కూడితే సున్న. వాటిని రెట్టింపు చేసి కూడినా సున్నే. కాగితం మీద ఒకసారి వేసి చూడండి, రెండు నిమిషాల పని. పైగా ముందున్న మూడు సిలిండర్లకు వెనకున్న మూడూ అద్దంలో ప్రతిబింబంలా ఉంటాయి కనుక, ముందూ వెనకా ఊపే బలయుగ్మం కూడా రద్దయిపోతుంది. ఎవరూ బరువులు కట్టి సరిచేయకుండానే తనంతట తాను తూకంలో నిలిచే అమరిక ఇది.

90 డిగ్రీల వి-ఎయిట్‌లో సాధారణంగా క్రాంకు పిన్నులు ఒకదానికొకటి 90 డిగ్రీల ఎడంగా, ముందునుంచి చూస్తే కూడిక గుర్తులా ఉంటాయి. ఇందులో రెండవ రకం కుదుపు తనకు తానే పోతుంది. మొదటి రకపు బలయుగ్మం మాత్రం మిగులుతుంది. దాన్ని క్రాంకుకు బరువులు తగిలించి సరిచేస్తారు. సరిచేశాక ఇదీ నున్నగానే తిరుగుతుంది. కాని ఆ బరువులను కూడా తిప్పుకుంటూ పోవాలి కదా! క్రాంకును ఒకే పలకలో పెట్టే మరో రకం వి-ఎయిట్ ఉంది. ఫెరారీ వారు దానికి ప్రసిద్ధులు. అది తేలికగా, చురుగ్గా తిరుగుతుంది గాని రెండవ రకం కుదుపును భరించవలసి వస్తుంది.

కూడిక గుర్తు క్రాంకున్న వి-ఎయిట్ "గుడగుడ" మనే శబ్దానికి కారణం కూడా ఇక్కడే ఉంది. మొత్తం మీద 90 డిగ్రీలకొక తోపు సమంగా వచ్చినా, ఒక్కొక్క పక్కనున్న నాలుగు సిలిండర్లను విడిగా చూస్తే వాటి మధ్య ఎడాలు 90, 180, 270, 180 డిగ్రీలుగా ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఆ తడబాటే మన చెవికి గర్జనలా వినిపిస్తుంది. ఆరు సిలిండర్ల శబ్దం ఒకే శ్రుతిలో సాగుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, టర్బో దగ్గర మళ్లీ పనికొస్తుంది.

3. టార్కు, వడి, శక్తి

న్యూటన్-మీటర్లలో ఉన్న టార్కును నిమిషానికి చుట్ల సంఖ్యతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. శక్తి అంటే అంతే: ఎంత బలంగా తిప్పుతుంది, ఎంత వడిగా తిప్పుతుంది, ఈ రెండింటి గుణకారం. 45 అశ్వశక్తి ట్రాక్టరు 2,000 చుట్ల దగ్గర ఆ శక్తి ఇస్తోందంటే దాని టార్కు 160 న్యూటన్-మీటర్లన్నమాట. దుక్కిలో నాగలిని లాగేది ఆ టార్కును ఎన్నో రెట్లు పెంచి చక్రానికిచ్చే గేర్లు. స్పోర్ట్స్ కారుకు ఆ సౌకర్యం లేదు. దానికి బలమూ కావాలి, వడీ కావాలి.

మామూలుగా గాలి పీల్చుకునే ఇంజను, అనగా టర్బో లేనిది, లీటరు పరిమాణానికి ఇంచుమించు 100 నుంచి 112 న్యూటన్-మీటర్ల టార్కు ఇస్తే గొప్పే. వాతావరణ పీడనం అంతకంటె గాలిని లోపలికి నెట్టదు. కాబట్టి శక్తి పెంచాలంటే రెండే దారులు: పరిమాణం పెంచడం, లేదా వడి పెంచడం.

4. ఎం-3కి ఎనిమిది ఎందుకొచ్చాయి?

2000 నాటి ఎం-3లో ఆరు సిలిండర్ల ఇంజను పరిమాణం 3,246 సి.సి. సిలిండరు వ్యాసం 87 మి.మీ., స్ట్రోకు 91 మి.మీ. 7,900 చుట్ల దగ్గర 343 అశ్వశక్తి, 4,900 దగ్గర 365 న్యూటన్-మీటర్ల టార్కు. చివరి హద్దు 8,000 చుట్లు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఒక చుట్టులో పిస్టను రెండు స్ట్రోకుల దూరం నడుస్తుంది. 91 మి.మీ. స్ట్రోకుతో 8,000 చుట్లు తిరిగితే పిస్టను సగటు వేగం సెకనుకు 24.3 మీటర్లు. రోడ్డు మీద తిరిగే కారుకు ఇది హద్దుకు చాలా దగ్గర. కనెక్టింగ్ రాడ్డు ఏటవాలును వదిలేసి చూసినా పిస్టను త్వరణం గురుత్వ త్వరణానికి 3,250 రెట్లవుతుంది! కాబట్టి ఇంకా వడిగా తిప్పడం కష్టం. పోనీ పరిమాణం పెంచుదామా అంటే, ఆ ఇంజనులో పక్కపక్క సిలిండర్ల కేంద్రాల మధ్య దూరమే 91 మి.మీ. అందులో వ్యాసం 87 పోగా మిగిలిన గోడ 4 మి.మీ. మాత్రమే. అంటే రెండు దారులూ మూసుకుపోయాయి.

అప్పుడు ఇంజనీర్లు 2007లో చేసిందేమిటంటే, 3,999 సి.సి. పరిమాణాన్ని ఎనిమిది భాగాలుగా పంచి, స్ట్రోకును 75.2 మి.మీ.కు కుదించారు. 8,400 చుట్ల హద్దు దగ్గర కూడా పిస్టను సగటు వేగం సెకనుకు 21.1 మీటర్లే. త్వరణం 2,970 రెట్లు. చూశారా, వడి పెరిగింది, ఒత్తిడి తగ్గింది! ఫలితంగా 8,300 చుట్ల దగ్గర 420 అశ్వశక్తి, 3,900 దగ్గర 400 న్యూటన్-మీటర్ల టార్కు. నిలుచున్నచోటు నుంచి గంటకు 100 కి.మీ. వేగానికి పాత కారుకు 5.2 సెకన్లు పడితే దీనికి 4.8 సెకన్లు.

మరో ఆశ్చర్యం. ఎనిమిది సిలిండర్ల ఈ ఇంజను బరువు 202 కిలోలు. పాత ఆరుకంటె 15 కిలోలు తక్కువ. పాతదాని బ్లాకు పోత ఇనుము, కొత్తది అల్యూమినియం మిశ్రమం. "సిలిండర్లు ఎక్కువైతే బరువు ఎక్కువ" అనే మాట కూడా ఎల్లప్పుడూ నిజం కాదన్నమాట.

అయితే ఖర్చు లేకుండా ఏదీ రాదు. కామ్ షాఫ్టులు రెండు పోయి నాలుగయ్యాయి. వాల్వులు 24 పోయి 32 అయ్యాయి. ఒకే పరిమాణాన్ని ఎక్కువ ముక్కలు చేస్తే గోడల వైశాల్యం పెరుగుతుంది. ఒరిపిడి, గోడలగుండా పోయే వేడి కూడా పెరుగుతాయి. పెద్ద గిన్నెలో ఉన్న అన్నం చాలాసేపు వేడిగా ఉండి, అదే అన్నాన్ని ఎనిమిది పళ్లాల్లో వడ్డిస్తే త్వరగా చల్లారిపోదూ, అలాగే. ఐరోపా పరీక్ష ప్రకారం ఈ కారు 100 కి.మీ.కు తాగిన పెట్రోలు 12.4 లీటర్లు.

5. మళ్లీ ఆరు ఎందుకు?

2009లో ఐరోపా సమాజం ఒక నియమం చేసింది. కార్ల తయారీదారులు అమ్మే కొత్త కార్లన్నిటి సగటు బొగ్గుపులుసు వాయువు 2015 నాటికి కిలోమీటరుకు 130 గ్రాములకు దిగాలని లక్ష్యం పెట్టింది. లీటరు పెట్రోలు కాలితే రమారమి 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. 12.4 లీటర్ల కారు లెక్క ఎక్కడ తేలుతుందో మీరే వేసుకోవచ్చు.

అందువల్ల 2014 ఎం-3కి మూడో దారి తీశారు. వాతావరణ పీడనం గాలిని చాలినంత నెట్టకపోతే, పొగగొట్టంలో వృథాగా పోయే శక్తితో టర్బైను తిప్పి మనమే నెట్టుదాం అన్నారు. 2,979 సి.సి., ఒకే వరుసలో ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు. 5,500 నుంచి 7,300 చుట్ల వరకు 431 అశ్వశక్తి. 1,850 నుంచి 5,500 వరకు ఏకంగా 550 న్యూటన్-మీటర్లు. లీటరుకు 185 అన్నమాట. 100 కి.మీ. వేగానికి చేతి గేర్లతో 4.3 సెకన్లు. పెట్రోలు 100 కి.మీ.కు 8.8 లీటర్లు.

టర్బోకు ఆరు ఎందుకు బాగా కుదిరింది? ఇందాక గుర్తుంచుకోమన్న సంగతి ఇక్కడ వస్తుంది. ఆరు సిలిండర్ల వరుసను మూడు, మూడుగా విడగొడితే ఒక్కో టర్బోకు సరిగ్గా 240 డిగ్రీలకొకసారి పొగ తోపు అందుతుంది. ఒకటి పోయాక మరొకటి వస్తుంది గాని ఒకదానికొకటి అడ్డుపడవు. కూడిక గుర్తు వి-ఎయిట్‌లో ఒక పక్క నాలుగు సిలిండర్ల పొగ ఎగుడుదిగుడుగా వస్తుంది. రెండు తోపులు 90 డిగ్రీల ఎడంలోనే వచ్చి ఢీకొంటాయి. దాన్ని సరిచేయాలంటే గొట్టాలను ఒక పక్కనుంచి మరో పక్కకు అల్లవలసి ఉంటుంది.

పోయిందేమిటి? నొక్కుడు నిష్పత్తి 12.0 నుంచి 10.2కు దించవలసి వచ్చింది. తొమ్మిది వేల వైపు ఎగబాకే ఆ వడి పోయింది. కాలు తొక్కగానే క్షణంలో పలికే గుణం కొంత పోయింది. ఎనిమిది విడివిడి థ్రాటిళ్లు గాలి పీల్చే ఆ శబ్దం పూర్తిగా పోయింది. అంకెల్లో అన్నిటా కొత్తది గెలిచినా, 2007 కారును ప్రేమించేవారు నేటికీ ఉన్నారంటే అది ఉత్త మూఢాభిమానం కాదు.

6. మరి ఇద్దరు సాక్షులు

అమెరికాలో షెవర్లే కార్వెట్ 1953లో 150 అశ్వశక్తి ఆరు సిలిండర్లతో, రెండే రెండు గేర్ల ఆటోమేటిక్‌తో వచ్చింది. చూడ్డానికి స్పోర్ట్స్ కారు, నడిస్తే కాదు అన్న పేరు పడింది. 1955లో 4.3 లీటర్ల వి-ఎయిట్ పెట్టి 195 అశ్వశక్తి చేశారు. ఆ ఏడాది తయారైనవి 700 కార్లే అయినా, ఆ ఇంజనే కార్వెట్‌ను బతికించింది. అక్కడ ఎనిమిదే సరైన జవాబు. ఎందుకంటే ఆ ఆరు సిలిండర్లది కుటుంబం కార్ల కోసం చేసిన పాత ఇంజను. ఈ ఎనిమిది కొత్తగా, తేలికగా, వడిగా తిరిగేలా చేసినది.

జర్మనీలోనే మరో సాక్ష్యం ఉంది. పోర్షే వారు 1977లో ముందు భాగాన వి-ఎయిట్ ఉన్న 928ని తెచ్చారు. వెనక భాగాన ఆరు సిలిండర్లున్న 911 స్థానాన్ని అదే తీసుకోవాలని వారి ఆలోచన. 928 మామూలు కారు కాదు. ఐరోపాలో 1978 సంవత్సరపు మేటి కారుగా ఎంపికయింది. అయినా కొనేవారి మనసు 911 మీదే ఉండిపోయింది. 1995లో 928 ఆగిపోయింది. ఆరు సిలిండర్ల 911 మాత్రం నేటికీ తయారవుతోంది. ఇక్కడ ఆరే గెలిచింది.

ఈ సాక్ష్యాలన్నిటిలో గెలుపును సిలిండర్ల సంఖ్య నిర్ణయించలేదని స్పష్టమవుతోంది.

7. కొనేవాడు అడగవలసిన ప్రశ్నలు

"మనకు ఈ కార్లెక్కడివి?" అని నవ్వకండి. ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థుల్లో అమెరికాలో, ఐరోపాలో ఉన్నవారు ఉంటారు. అక్కడ ఈ మూడు తరాల ఎం-3లూ పాత కార్లుగా చేతులు మారుతున్నాయి. కష్టార్జితం పెట్టేముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవడం మంచిది.

మొదటిది, ఏ వడి దగ్గర నడుపుతారు? రోజూ ఆఫీసుకు, సిగ్నళ్ల మధ్య నడిపేవారికి 8,300 చుట్ల దగ్గర దొరికే శక్తి పెట్టెలో దాచిన పట్టుచీర వంటిది. 1,850 దగ్గరే దొరికే టార్కు రోజూ కట్టుకునే నూలుచీర.

రెండవది, బరువు ఎంత, ఎక్కడ ఉంది? ముందు చక్రాల మీద బరువు తగ్గితే మలుపులో కారు చెప్పినట్టు వింటుంది. ఇంజను బరువును కనుక్కోండి. సిలిండర్ల సంఖ్యను బట్టి ఊహించకండి.

మూడవది, పోషణ ఎంత? ఇంధనమొక్కటే కాదు. 2000 తరం కారు కొనేవారు వెనక ఇరుసు బిగించే చోట నేల రేకు పగిలిందేమో తప్పక చూసుకోవాలి. 2007 తరం వి-ఎయిట్‌లో కనెక్టింగ్ రాడ్డు బేరింగుల అరుగుదల, థ్రాటిల్ మోటార్లు అనుభవజ్ఞులు ముందుగా అడిగే విషయాలు. బేరింగుల జాగ్రత్త పాత ఆరుకూ వర్తిస్తుంది. 2014 తరంలో శక్తి ఇంకా పెంచిన కార్లయితే క్రాంకు హబ్బు జారుడు గూర్చి వాకబు చేయాలి.

నాలుగవది, మనసుకు ఏది కావాలి? ఇది లెక్కకు రాదు, కాని ప్రశ్నే కాదనలేము. సెలవునాడు తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ఇంజను పాట వినడానికే కారు కొనేవాడికి 8.8 లీటర్ల లెక్క చెప్పి ఒప్పించలేము, ఒప్పించనక్కరలేదు కూడా.

నన్నడిగితే ఒకే వరుసలోని ఆరుకే నా ఓటు. దానికి కారణం పొదుపు కాదు, కుదుపు లెక్క. ప్రకృతి నియమమే తూకం వేసి ఇచ్చిన అమరికలో ఒక నిండుదనం ఉంది. 2020లో వచ్చిన ఎం-3 తరానికి కూడా అదే అమరికను ఉంచారు. కాని 2007లో ఆ ఇంజనీర్ల స్థానంలో ఉండి, టర్బో వద్దనుకుని, 420 అశ్వశక్తి సాధించమంటే నేనూ ఎనిమిదే గీసేవాడిని. ఆరుకున్న రెండు దారులూ మూసుకుపోయాయని లెక్క చెప్పింది కదా!

మిత్రులారా, మనలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, కొందరు ఉపాధ్యాయులవుతారు, కొందరు తిరిగి సేద్యానికే వెళ్తారు. యంత్రం కొనేటప్పుడు గాని, కొత్తది గీసేటప్పుడు గాని "ఎన్ని?" అన్న ప్రశ్న మొదట వస్తుంది, రానివ్వండి. కాని దాని వెంటనే "ఎందుకు అన్ని?" అని అడగండి. స్ట్రోకు ఎంత, చుట్లు ఎన్ని, బరువు ఎంత, పొగ ఎటు పోతోంది అని అడగండి. ఆ జవాబులు వచ్చాక ఆరో ఎనిమిదో చెప్పడం ఎవరికైనా తేలికే.